పడటం తెలిసినవాడు

నవ్వు నాలుగిందాల చేటని మా అమ్మ నాతో రోజుకి నాలుగుసార్లయినా అనేది. ఆ నాలుగు విధాలూ ఏమిటమ్మా అని అడిగితే మాత్రం చెప్పేది కాదు. నాకు తెలిసి చేటు రెండు విధాలు. ఒకటి కాకినాడ సంబంధం, రెండోది తణుకు సంబంధం. రెండూ నా నవ్వు వల్లే తప్పిపోయాయి.

నాది ముసిముసి నవ్వు కాదు. కడుపులోంచి తన్నుకొస్తుంది, వచ్చేముందు చెప్పి రాదు. కాకినాడ పెద్దమనిషి పెళ్ళిచూపుల్లో కొడుకు గొప్పలు చెబుతూ చెబుతూ, మిఠాయి పొలమారి తుమ్మారు. పెట్టుడుపళ్ళు వచ్చి కాఫీ గ్లాసులో పడ్డాయి. ఎవరికి నవ్వు రాదండీ? మావాళ్ళెవరికీ రాలేదు. అందరూ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. నేనొక్కదాన్నే నవ్వాను. వాళ్ళు ఆ పళ్ళు తీసుకుని, కాఫీ వదిలేసి లేచిపోయారు. తణుకువాళ్ళప్పుడు ఏం జరిగిందో చెప్పను, ఆ పెళ్ళికొడుకు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నాడు, పాపం. వాళ్ళు మాత్రం వెళ్ళిపోతూ, ఆడపిల్ల అలా ఇల్లెగిరిపోయేలా నవ్వితే ఇంటికి అరిష్టమని మా అమ్మ మొహం మీదే అనేసి పోయారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ కంట నీళ్ళు పెట్టుకుంది. మా ఇంటా వంటా లేని నవ్వు నీకెక్కణ్ణుంచి వచ్చిందే, ఎవరి పోలికే అని. నిజమే, ఎవరి పోలికో నాకూ తెలియదు. అమ్మకి నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిపేది, అంతే. నాన్నగారు నవ్వగా నేనసలు చూడలేదు. నాకప్పుడు ఇరవైనాలుగో ఏడు. ఆ రోజుల్లో కొవ్వూరులో ఇరవైనాలుగేళ్ళ ఆడపిల్ల ఇంట్లో ఉందంటే, పాలు పోసేవాడితో సహా అందరూ సలహాలు చెప్పేవారు.

నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. ఆయన సందు మలుపు తిరిగారంటే మా వీధిలో పిల్లలు గోళీలు జేబులో వేసుకుని ఇళ్ళల్లోకి పోయేవారు. సోమవారం సాయంత్రాలు శివాలయంలో పురాణం చెప్పేవారు. అక్కడ కూడా ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు పూర్తయ్యేదాకా చెప్పడం ఆపి వాళ్ళకేసే చూసేవారు. రెండోసారి దగ్గడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ఇంట్లోనూ అంతే. ఆయన మడతకుర్చీలో కూర్చుంటే నేనూ అమ్మా గిన్నెలు చప్పుడవకుండా సర్దుకునేవాళ్ళం.

నెలకి రెండు ఆదివారాలు ఆయన గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళేవారు. అక్కడ లైబ్రరీలో పాత కావ్యాల ప్రతులు చూసి రాసుకోవాలని చెప్పేవారు. అమ్మ తొమ్మిదింటికల్లా అన్నం పెట్టేసేది. చేతిసంచీలో నోటుపుస్తకం వేసుకుని, గొడుగు పుచ్చుకుని బస్సెక్కితే మళ్ళీ మధ్యాహ్నం రెండున్నరకి వచ్చేవారు. మూడేళ్ళు అలా వెళ్ళారు. ఆ మూడేళ్ళూ అదే నోటుపుస్తకం. అన్నేళ్ళు రాసినా పుస్తకం ఎందుకు నిండదన్న అనుమానం మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

వింతలు లేకపోలేదు. ఒకసారి నామీద కోపం వచ్చి బల్లమీద చేత్తో గట్టిగా చరిచారు. చరిచి, ఆ చెయ్యి వెనక్కి దాచుకుని విదిలించుకున్నారు. నేను పక్కనుంచి చూశాను కాబట్టి కనబడింది. ఇంకోసారి పెరట్లో నూతి దగ్గర ఎవరూ లేరనుకుని, దూరంగా ఉన్న ముక్కాలిపీటని కాలి వేలితో కొక్కెం వేసినట్టు పట్టి లాగారు. పీట గిర్రున తిరిగి వచ్చి ఆయన వెనక ఆగింది. ఆయన వెనక్కి చూడకుండా దానిమీద కూర్చుని, పంచె సర్దుకుని, జంధ్యంతో వీపు గోక్కున్నారు. వంటింటి కిటికీలోంచి చూసి నా కళ్ళని నేనే నమ్మలేదు. ఏదో కాలు తగిలి వచ్చిందిలే అనుకున్నాను. నాన్నగారి గురించి అంతకన్నా ఏమనుకోగలను?

అలాంటి రోజుల్లో ధవళేశ్వరం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు డ్రాఫ్ట్స్‌మన్, కాలవల ప్లాన్లు గీసే ఉద్యోగం. తండ్రి లేడు, తల్లీ తనూ. పెళ్ళిచూపులకి వాళ్ళిద్దరే వచ్చారు. మా అమ్మ నన్ను లోపల కూర్చోబెట్టి, భూకంపం వచ్చినా నవ్వనని ఒట్టు పెట్టించుకుంది. నేను మనస్ఫూర్తిగానే ఒట్టు పెట్టాను.

మా హాల్లో ఒక పేము కుర్చీ ఉండేది. దాని వెనక కాలు ఊగుతుందని ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఎవరమూ కూర్చోం. కంగారులో ఎవరూ చూసుకోలేదు, దానిమీద పెళ్ళికొడుకుని కూర్చోబెట్టారు. నేను కాఫీ ఇచ్చాను. ఆయన గ్లాసు అందుకుని వెనక్కి ఆనుకున్నారు. అంతే, కుర్చీ కాలు పుటుక్కుమంది. మనిషి వెల్లకిలా వెళ్ళిపోయారు. ఒక కాలు గోడవైపు, ఒక కాలు దూలంవైపు. కుడిచేతిలో గ్లాసు మాత్రం పైకి నిటారుగా నిలబడి ఉంది. చుక్క ఒలకలేదు. కిందపడ్డ మనిషి అలా పడుకునే ఒక గుక్క తాగి, కాఫీ బావుందండీ అన్నారు.

నేను నవ్వేశాను. ఒట్టు లేదు, గట్టు లేదు. అమ్మ నా జబ్బ గిచ్చినా ఆగలేదు. ఆ కుర్రాడు నేలమీంచి నాకేసి చూసి తనూ నవ్వడం మొదలెట్టారు. వాళ్ళమ్మగారు కుర్చీకేసి, కొడుక్కేసి, నాకేసి చూస్తూ తెల్లబోయారు. అమ్మ మొహం పాలిపోయింది. మూడో సంబంధం కూడా గంగలో కలిసిందనుకున్నాను నేను. నాన్నగారు మాత్రం కుర్చీనీ చూడలేదు, నన్నూ చూడలేదు. కష్టమైన పద్యాన్ని తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు ఆ కుర్రాణ్ణి అలా చూస్తూ ఉండిపోయారు.

నాలుగోనాడు ధవళేశ్వరం నుంచి ఉత్తరం వచ్చింది. పిల్ల నచ్చింది, మీకు సమ్మతమైతే వచ్చే శుక్రవారం తాంబూలాలు పుచ్చుకుందాం అని. మా నెత్తిన పాలు పోసినట్టయింది. చెప్పొద్దూ, నాకైతే ఆ ఉత్తరం చదివాక కాళ్ళు నేలమీద ఆనలేదు. నా నవ్వు విన్నాక కూడా నన్ను కావాలన్న మనిషి ఈ భూమ్మీద ఒకడున్నాడు. ఇతను తప్పితే ఇంకెవరినీ చేసుకోనని మనసులో గట్టిగా అనుకున్నాను. పైకి అనడానికి మాది ఆ ఇల్లు కాదు.

శుక్రవారం ఇంకా ఐదు రోజులుందనగా, ఆదివారం సాయంత్రం మా మేనమామ దిగాడు.

మావయ్య అమ్మకి తమ్ముడు, రాజమండ్రిలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తా. ధవళేశ్వరం వెళ్ళి కుర్రాణ్ణి ముందుగా చూసొచ్చింది కూడా ఆయనే. చూసింది చూసినట్టు చెప్పడం ఆయన వృత్తి, చూడనిది కూడా చూసినట్టు చెప్పడం ఆయన అలవాటు. భారీ మనిషి. వస్తూనే మంచినీళ్ళు కూడా తాగకుండా, ఈ సంబంధం మనకొద్దు అక్కయ్యా అన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ మధ్యాహ్నం మావయ్య రాజమండ్రిలో కాఫీగింజలు ఆడించుకోవడానికి వెళ్ళాడు. ఆ కొట్టుకి ఎదురుగా ఒక సినిమా హాలు. ఒంటిగంటన్నరకి మార్నింగ్ షో వదిలారు. వదిలిన జనంలోంచి మా పెళ్ళికొడుకు రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పోస్టరు మీద ఎర్రటి ‘ఏ’ అక్షరం, ఇంత లావున.

ఈ కాలంవాళ్ళకి ఇది అర్థం కాదు, చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు మార్నింగ్ షో అంటే మర్యాదస్తులు పలకని మాట. మ్యాట్నీకి వెళ్ళచ్చు, ఫస్ట్ షోకి పిల్లాజెల్లాతో వెళ్ళచ్చు. పొద్దున్న పదకొండింటికి హాల్లోకి దూరేవాడు మాత్రం బూతు సినిమాకే వెళ్ళాడని లెక్క. నిజానికి పొద్దుటాటకి అన్ని రకాల ఇంగ్లీషు సినిమాలూ వేసేవారు. ఏది వేసినా జనం వస్తారని ఆ హాలువాళ్ళు పోస్టరు మీద ఆ ‘ఏ’ కాగితం అంటించేవారట. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు కదా. పైగా అక్కడ తాగింది పాలేనని చెప్పాలంటే, చెప్పేవాడు కూడా ఆ చెట్టు కింద కూర్చుని ఉండాలి. అందుకే ఎవరూ చెప్పరు.

మావయ్య వివరాలు వదిలే మనిషి కాదు. కళ్ళు తుడుచుకునేంతగా ఏం చూశాడో ఆ ప్రబుద్ధుడు అన్నాడు. కుర్రాళ్ళ సంగతి సరే, వెనకాలే ఒక పెద్దాయన కూడా వచ్చాడు అక్కయ్యా అన్నాడు. మబ్బు పట్టి ఉంది, ఎండా లేదు, చినుకూ లేదు, అయినా గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని గోడవారగా పోతున్నాడట. కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో ఇదేం పోయేకాలం, ఎవరింటి పెద్దో ఏమో అని నోరు నొక్కుకున్నాడు. నల్లగొడుగు, దానికో ఖాకీ గుడ్డ అతుకు అని కూడా చెప్పాడు.

ఆ ఖాకీ అతుకు వేసింది నేను. స్కూలు బంట్రోతు ఇచ్చిన గుడ్డముక్కతో, తెల్లదారం పెట్టి, నా చేత్తో కుట్టాను. ఆ గొడుగు ఇప్పుడు సరిగ్గా మావయ్య నెత్తిమీద, గోడకున్న మేకుకి వేలాడుతోంది.

నాన్నగారు మడతకుర్చీలో కదలకుండా కూర్చున్నారు. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. నాకు ఒక్కసారిగా రెండు సంగతులు తోచాయి. ఆ గొడుగు చూపించి, నాన్నగారిని అడగండి అక్కడేం సినిమా ఆడిందో అంటే, ఒకవేళ అది మంచి సినిమా అయితే నా పెళ్ళి నిలబడుతుంది. కానీ రేపు సోమవారం. గుళ్ళో పురాణానికి నాన్నగారు ఏ మొహంతో కూర్చుంటారు? మావయ్య నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా కొవ్వూరూ రాజమండ్రీ రెండూ పంతులుగారి మార్నింగ్ షో గురించే చెప్పుకుంటాయి. పైగా అది నిజంగా బూతు సినిమాయే అయితేనో? ఛ, నాన్నగారా అనుకున్నాను. అనుకున్నా గానీ ఆయన నాకు ఏమాత్రం తెలుసని అప్పుడే భయం వేసింది.

అమ్మ కళ్ళొత్తుకుంటూ, రేపే ఒక కార్డు ముక్క రాసి పడేద్దాం అంటోంది. మావయ్య తనే రాస్తానంటున్నాడు. నేను ఇంక ఆలోచించలేదు. మావయ్య ముందు ఖాళీ గ్లాసు తీసే వంకన వెళ్ళి, దండెం మీద తువ్వాలు లాగి, దాన్ని ఆరేస్తున్నట్టుగా ఆ గొడుగు మీద కప్పేశాను. అతుకు కనబడకుండా సర్దాను కూడా. వెనక్కి తిరిగితే నాన్నగారు నన్నే చూస్తున్నారు. ఆ చూపు నేను భరించలేకపోయాను. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయి, కుంపటి ముందు నిలబడి ఏడ్చాను. ఆ కుర్రాడు పడుకుని కాఫీ తాగుతూ నవ్విన మొహం కళ్ళముందు నిలిచింది. పోయింది, ఇక రాదు అనుకున్నాను.

హాల్లో మడతకుర్చీ కిర్రుమంది. నేను కళ్ళు తుడుచుకుని తొంగిచూశాను. నాన్నగారు లేచారు. మావయ్య నెత్తిమీంచి చెయ్యి చాచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. గొడుగు మేకునుంచి దించి, తెరిచి, అతుకు మావయ్య వైపుకి తిప్పి నేలమీద పెట్టారు.

“ఆ గొడుగు నాదేనోయ్” అన్నారు.

మావయ్య గొడుగుకేసి చూశాడు, నాన్నగారికేసి చూశాడు, మళ్ళీ గొడుగుకేసి చూశాడు. అమ్మ గోడకి చేరగిలబడింది.

నాన్నగారు కూర్చోకుండానే అంతా చెప్పారు. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం లైబ్రరీ మూసేసి ఉందట. జోరున వాన. గొడుగు చిరిగి ఉందేమో, ఆ హాలు వసారాలో నిలబడ్డారట. ఊరికే నిలబడితే బావుండదని టికెట్టు కొని లోపలికి వెళ్ళారట. వాన తగ్గగానే వచ్చేద్దామని. లోపల చైనావాళ్ళ సినిమా. కొట్టుకోవడం, పడటం, లేవడం, మళ్ళీ పడటం, అంతే. వాన ఎప్పుడు తగ్గిందో ఆయనకి తెలియలేదు. తర్వాత అలాంటి సినిమా ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళారు. ఇవాళ ఆ కుర్రాడు తన ముందు వరసలోనే కూర్చున్నాడనీ, అతను తనని చూడలేదనీ, అతను తుడుచుకున్నవి నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళనీ చెప్పారు. పేము కుర్చీ విరిగిన రోజునే, ఈ అబ్బాయి ఆ సినిమాలు చూసే మనిషని తనకి అర్థమైందట. అలా పడటం చూసి నేర్చుకోవాల్సిందే గానీ ఊరికే రాదన్నారు.

అమ్మ అడిగింది ఒక్కటే. అందులో ఆడవాళ్ళు ఉండరా అని. ఉంది ఒక ముసలమ్మ అన్నారు నాన్నగారు. అట్లకాడతో పదిమందిని చావగొడుతుంది అని, ఎలా కొడుతుందో చేత్తో చూపించబోయి, ఆగిపోయి, చెయ్యి కిందికి దించేసుకున్నారు.

మావయ్య అప్పటికి తేరుకున్నాడు. ఈ వయసులో మీకీ సినిమాలేమిటి బావగారూ అన్నాడు. నాన్నగారు వంగి గొడుగు ముడిచారు.

“బళ్ళో పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారు. ఇంట్లో మీ అక్కయ్య గిన్నె చప్పుడు కానివ్వదు. ఆ చీకట్లో నేనెవరో ఎవరికీ తెలియదోయ్. నవ్వొచ్చింది, నవ్వుకున్నాను” అన్నారు.

పెళ్ళయ్యాక నేనూ చూశాను, ఒకటా రెండా. అందుకే ఆయన ఏం చెప్పలేకపోయారో నేను చెప్పగలను. కథ ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. పనికిమాలిన కుర్రాడు ఒకడు, వాణ్ణి చితక్కొట్టే దుర్మార్గుడు ఒకడు, మధ్యలో చిరుగుబట్టల ముసలి గురువు. ఆ గురువు విద్య నేర్పమంటే నేర్పడు. నీళ్ళు మోయిస్తాడు, గిన్నెలు తోమిస్తాడు, దూలానికి తలకిందులుగా వేలాడదీస్తాడు. ఆఖర్న చూస్తే ఆ గిన్నెలు తోమడమే విద్య. మాటలు ఇంగ్లీషు. మాట అయిపోయాక కూడా పెదాలు ఆడుతూనే ఉంటాయి. హాల్లో సగంమందికి ఇంగ్లీషు రాదు, నాన్నగారికీ రాదు, రానక్కర్లేదు. నిచ్చెన గిర్రున తిరిగి వీపుమీద తగిలిందంటే ఏ భాషలోనైనా తగిలినట్టే. బెంచీలు, బుట్టలు, చీపుళ్ళు, గొడుగులు, అన్నం గిన్నెలు, ఇంట్లో ఉండే ప్రతి సామానుకీ అక్కడ ఒక యుద్ధం ఉంటుంది.

మన సినిమాల్లో హీరో వందమందిని కొట్టినా క్రాపు చెదరదు. ఇక్కడ హీరో బోడిగుండువాడి నెత్తిన ఒక్కటిచ్చి, చెయ్యి వెనక్కి దాచుకుని నొప్పితో విదిలించుకుంటాడు. తాళలేకపోతే పారిపోతాడు. దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందని ఒప్పుకున్న హీరోని నేను అంతకుముందు చూడలేదు. కొట్టినవాడికి కూడా నొప్పి పుడుతుందని చూపించినవాణ్ణి అసలే చూడలేదు. నాన్నగారి బెత్తం ఆ మూడేళ్ళుగా బడి బీరువాలోనే ఉండిపోయిందని ఆయన దగ్గర చదువుకున్న ఒకతను చాలా ఏళ్ళకి నాతో అన్నాడు. ఆ రెండిటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నాన్నగారిని అడగలేదు.

సరే, ఆ సాయంత్రం సంగతి. మావయ్య గుమాస్తా బుద్ధి ఊరికే ఉండదు కదా. మీరు కూడా ఆ హాల్లోంచే వచ్చారు కాబట్టి మీ సాక్ష్యం చెల్లదు బావగారూ అన్నాడు. నాన్నగారికి కోపం రాలేదు. ఆ సినిమా గురువారం దాకా ఉంటుంది, మంగళవారం నాతో రా, నువ్వే చూసి మీ అక్కయ్యకి చెప్పు, నువ్వు ఏది చెబితే అదే చేద్దాం అన్నారు. సరేనన్నాడు మావయ్య. అలా నా పెళ్ళి మావయ్య చేతిలోకి పోయింది.

సోమవారం నాన్నగారు మామూలుగానే గుడికి వెళ్ళి పురాణం చెప్పొచ్చారు. మంగళవారం బడికి సెలవు పెట్టారు. ఆయన ఒంట్లో బావుండగా సెలవు పెట్టడం నేనెరగను. వెళ్ళేటప్పుడు గొడుగు తీసుకున్నారు, తెరవకుండా చంకలో పెట్టుకున్నారు.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అమ్మ పొద్దుటినుంచీ ఒక్కమాట మాట్లాడలేదు. సినిమా గురించి కోపం అనుకున్నాను. వంకాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట మీంచి లేచి, మూడేళ్ళుగా ఆయన ఎక్కడో నవ్వుకుని, మొహం కడుక్కుని ఇంటికొస్తున్నారే అంది. ఇక్కడ నవ్వితే నేను వద్దన్నానా అంది. ఆ గొంతు విని నాకు అమ్మమీద జాలేసింది. నన్ను రోజూ వద్దంటున్నావుగా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. ఒంటిగంట అయింది, రెండయింది. బస్సు చప్పుడు వినబడినప్పుడల్లా ఇద్దరం వీధిలోకి తొంగి చూశాం. ఆ మధ్యాహ్నం నేను మొక్కుకోని దేవుడు లేడు. పట్టిసం వీరభద్రుడి దగ్గర్నుంచి ద్రాక్షారామం భీమేశ్వరుడి దాకా అందరినీ పలకరించాను.

రెండున్నర దాటాక వచ్చారు. ముందు నాన్నగారు వచ్చి గొడుగు మేకుకి తగిలించారు. మొహంలో ఏమీ లేదు, మామూలు పంతులుగారి మొహం. వెనకాల మావయ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం బిగబట్టుకుని ఉన్నాడు. అమ్మ ఎదురెళ్ళి, ఏరా తమ్ముడూ, ఏమిటిరా అని అడిగింది. మావయ్య పెదాలు ఒకదానిమీద ఒకటి నొక్కుకుని హాలంతా చూస్తున్నాడు. నేను గుమ్మం పట్టుకున్నాను.

కిటికీ కింద ముక్కాలిపీట ఉంది. మావయ్య దానికేసి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పంచె కొద్దిగా పైకి ఎత్తిపట్టి, కుడికాలు వెనక్కి చాచి, బొటనవేలితో పీట కాలు పట్టడానికి తడిమాడు. దొరికింది. లాగాడు. పీట గిర్రున తిరిగింది, ఆగలేదు, గోడకి కొట్టుకుని అటు పోయింది. మావయ్య మాత్రం అది వచ్చిందనే అనుకుని, ఠీవిగా, వెనక్కి చూడకుండా కూర్చున్నాడు.

ఇల్లదిరింది. వంటింట్లో మూకుడు మీద మూత కింద పడింది. మావయ్య నేలమీద వెల్లకిలా పడి, దూలాలకేసి చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు.

“కుర్రాడు బంగారం అక్కయ్యా. శుక్రవారం తాంబూలాలు పుచ్చేసుకోండి” అన్నాడు, పడుకునే.

రెండు రోజులుగా, కాదు, రెండేళ్ళుగా గుండెలమీద ఉన్న రాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. నవ్వు కడుపులోంచి బయల్దేరింది. నోరు నొక్కుకున్నాను. లాభం లేదని నాకు తెలుసు, వచ్చేస్తోంది, ఇక వచ్చేస్తుంది అనుకుంటూ ఉండగానే, ఆ నవ్వు హాల్లో వినబడింది. పెద్దగా, ఇల్లెగిరిపోయేలా, చెప్పాపెట్టకుండా, అచ్చం నాదే. కానీ నేనింకా నోరు తెరవలేదు.

నాన్నగారు. మేకుకి వేలాడుతున్న గొడుగు పట్టుకుని, వంగిపోయి, ఊపిరి తిరక్క, భుజంమీద తువ్వాలు జారిపోతున్నా చూసుకోకుండా నవ్వుతున్నారు. మధ్యలో ఆగి గాలి పీల్చుకునేటప్పుడు వచ్చే ఆ ఎక్కిలి కూడా నాదే. ఇక నేనూ ఆపుకోలేదు. కింద మావయ్య కూడా పొట్ట పట్టుకున్నాడు.

అమ్మ నిలబడి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఒక వేలు పెదాలమీదకి తీసుకెళ్ళి, మెల్లిగా, వీధిలోకి వినబడుతుంది అనబోయింది. అనకుండా ఆ చెయ్యి దించి, వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి వచ్చింది.